దిగడమే కదా అనుకుంటే: చియాంగ్ మై అడవి దారుల్లో సైకిలు యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై నగరాన్ని ఆనుకుని ఉన్న దోయ్ సుథెప్ కొండల మీది నుంచి, గైడు వెంట అడవి దారుల్లో సైకిలు మీద దిగే ఒక్కరోజు యాత్ర గురించి పాఠకుల నుంచి అనేక ఉత్తరాలు వచ్చాయి. శీతకాలపు సెలవులకు టిక్కెట్లు కొనే రోజులు కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినప్పుడు వాటిలో ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. ఆదివారాల్లో తారురోడ్డు మీద నలభై కిలోమీటర్ల దాకా సైకిలు తొక్కుతాను. డిసెంబరులో నలుగురు మిత్రులం చియాంగ్ మై వెళుతున్నాం. మనుషులను, సైకిళ్లను వాహనంలో కొండపైకి చేర్చి అక్కడి నుంచి దింపుతారని, అంతా దిగుడే కాబట్టి కష్టమేమీ ఉండదని, మధ్యస్థాయి దారికి డబ్బు కట్టేద్దామని మాలో ఒకరు తొందరపెడుతున్నారు. కట్టవచ్చా?
— వి. ఆర్., హనుమకొండ

జవాబు: కట్టకండి. నలుగురూ మొదటి స్థాయి దారినే తీసుకోండి. ఇలా ఎందుకు అంటున్నామో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

మీ మిత్రుడి మాటలో సగం నిజమే. ఎక్కే శ్రమ వాహనానిది. నగరం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటే, దాని పక్కనే లేచిన దోయ్ పుయ్ శిఖరం 1,685 మీటర్లు. ఉదయం బయలుదేరిన వాహనం ముందుగా దోయ్ సుథెప్ ఆలయానికి వెళ్లే ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. ఖ్రూబా శ్రీవిచై అనే బౌద్ధ భిక్షువు పిలుపు విని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం కూలి అడగకుండా 1934 నవంబరులో ఆ రోడ్డు పని మొదలుపెట్టి, 1935 ఏప్రిల్ ఆఖరుకు పూర్తిచేశారు. కొండ మొదట్లోనే ఆయన విగ్రహం కనిపిస్తుంది. స్థానిక డ్రైవర్లు దాన్ని దాటేటప్పుడు దండం పెట్టుకుంటారు. ఆలయాన్ని, ఆ పైనున్న పూపింగ్ రాజభవనాన్ని దాటిన తరువాత రోడ్డు సన్నబడి, హ్మోంగ్ తెగవారి ఊళ్లు, నీడచెట్ల కింద కాఫీ మొక్కలు కనబడతాయి. ఒకప్పుడు ఈ కొండల్లో నల్లమందు పండించేవారు. రాజు భూమిబోల్ చొరవతో 1969లో ప్రారంభమైన రాయల్ ప్రాజెక్టు, ఆ సాగును మాన్పించి కాఫీ, పండ్లతోటలు, కూరగాయల వైపు రైతులను మళ్లించింది. సైకిలు దారులు చాలావరకు ఈ తోటల అంచున మొదలై, దాదాపు వెయ్యి మీటర్లు దిగి, కొండ కిందనున్న హువాయ్ తుంగ్ తావ్ జలాశయం పరిసరాల్లో ముగుస్తాయి. ఊపిరితిత్తులకు దీనిలో పెద్ద పని లేదన్నది ఒప్పుకోవలసిన మాటే.

మిగిలిన సగంలోనే చిక్కంతా ఉంది. దిగుడులో శ్రమ కాళ్ల నుంచి చేతులకు మారుతుంది. వేగాన్ని ప్రతిక్షణం బ్రేకుతో అదుపు చేస్తూ, రాళ్ల మీద ఎగిరిపడే హ్యాండిలును వదలకుండా పట్టుకుంటూ అరగంట దిగితే, అలవాటు లేనివారి ముంజేతులు పూటంతా రుబ్బురోలు తిప్పినట్టు బిగుసుకుపోతాయి. మొదటి మజిలీలో నీళ్ల సీసా మూత తిప్పడానికి కూడా వేళ్లు సహకరించక, పక్కవారికి అందించే వాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరిద్దరు ఉంటారు. అలసిన వేలు బ్రేకు మీద ఒక్క క్షణం ఆలస్యంగా పడుతుంది. మలుపులో అదే క్షణం మిమ్మల్ని పొదల్లోకి పంపుతుంది. అందుకే పడిపోవడాలు తరచుగా ఉదయం కన్నా మధ్యాహ్నం, కష్టమైన చోట కన్నా అది దాటిన తరువాత వచ్చే తేలికైన చోట జరుగుతాయి.

తారురోడ్డు మీద మీకున్న అలవాటు ఇక్కడ కొంతవరకు అడ్డు వస్తుంది. రోడ్డు మీద సీటులో కూర్చుని తొక్కుతాం. అడవి దిగుడులో సీటును కిందికి దించి, రెండు పెడళ్లను నేలకు సమాంతరంగా ఉంచి, వాటి మీద నిలబడాలి. మోకాళ్లు, మోచేతులు వంగి ఉండాలి, మడమలు కిందికి వాలి ఉండాలి. అప్పుడు కుదుపును శరీరం తీసుకుంటుంది, సైకిలు తన దారిన తాను పోతుంది. కూర్చుని దిగేవారికి వెనక చక్రం మీద నుంచి వచ్చే ప్రతి దెబ్బా నేరుగా వెన్నుకు తగులుతుంది. చూపు కూడా ముందు చక్రం మీద కాకుండా, ఏడెనిమిది గజాల ముందున్న దారి మీద నిలవాలి. రాయిని చూస్తూ పోయినవారు రాయినే గుద్దుకుంటారన్నది గైడులందరూ చెప్పే మాట.

బ్రేకు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశపు సైకిళ్లలో కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికా, ఐరోపా ఖండం పద్ధతిలో బిగించిన సైకిళ్లలో ఎడమచేతిది ముందు చక్రానిది. అద్దె సైకిలు ఏ పద్ధతిదో కంటితో చూసి ఊహించవద్దు. బయలుదేరే ముందు చదును నేల మీద నెమ్మదిగా నడిపి ఒక్కొక్క బ్రేకునూ విడిగా పట్టి చూడండి. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులకు చూపుడువేలు ఒక్కటే చాలు, మిగిలిన మూడు వేళ్లూ హ్యాండిలును పట్టుకునే ఉండాలి. మామూలు సైకిలుకు అలవాటుపడిన మనం నాలుగు వేళ్లతోనూ బలంగా నొక్కుతాం. డిస్కు బ్రేకును అలా నొక్కితే ముందు చక్రం బిగుసుకుపోయి మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. అలాగని ముందు బ్రేకుకు భయపడి వెనకదాన్నే వాడితే చక్రం జారుతుందే తప్ప సైకిలు ఆగదు, ఎందుకంటే ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. రెండింటినీ మెత్తగా, మలుపుకు ముందే పట్టి, మలుపులోకి ప్రవేశించాక వదలాలి. ఈ ఒక్క విషయం చేతికి వస్తే మిగతా రోజు ఆనందంగా గడుస్తుంది, రాకపోతే ఎంత ఖరీదైన సైకిలు ఇచ్చినా లాభం లేదు.

ఆ దారుల నేల ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. పై భాగంలో ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, తేమ నేల, అడ్డంగా పాకిన వేళ్లు. తడి వేరును ఏటవాలుగా ఎక్కిస్తే చక్రం దాని వెంట జారిపోతుంది. వేరుకు అడ్డంగా, నేరుగా, బ్రేకు వదిలి దాటాలి. కిందికి దిగేకొద్దీ ఆకు రాల్చే చెట్లు, వెదురు పొదలు వస్తాయి. డిసెంబరు నాటికి వానల కోతకు దారి మధ్యలో కాలువలా గాడి పడి, ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. దాని మీద ఎండు వెదురాకు పరుచుకుంటే గాడి ఎక్కడుందో కనబడదు. ముందు వెళ్లే గైడు ఏ అంచున పోతే ఆ అంచునే పోవడం ఇక్కడ మర్యాద కోసం కాదు, ఒంటి క్షేమం కోసం.

మొదటి స్థాయి దారి అంటే చిన్నపిల్లల దారి కాదు. అటవీ జీపుదారులు, కాఫీ తోటల మట్టిబాటలు, మధ్యమధ్య కొద్దిపాటి సన్నని కాలిబాట ఉంటాయి. బుకింగు సమయంలో ‘రోడ్డు మీద అలవాటుంది, మట్టిదారిలో దిగిన అనుభవం లేదు’ అని ఉన్నదున్నట్టు రాయండి. మీలో ఒకరు నిజంగా నేర్పరి అయితే మొదటి పది నిమిషాల్లోనే గైడుకు అది తెలిసిపోతుంది, దారి చీలే చోట ఆయనే కొంచెం కష్టమైన పాయ చూపిస్తాడు. పైకి జరగడం సులభం. సగం కొండలో, అడవి నడుమ, కింది స్థాయికి జరగడం కుదరదు. అక్కడి నుంచి సైకిలు నడిపించుకుంటూ దిగడమే మిగులుతుంది.

ప్రశ్న: మా వారు, పదహారేళ్ల మా అబ్బాయి ఈ యాత్రకు వెళ్లాలని పట్టుబట్టారు. సంస్థలు చాలా ఉన్నాయి, ధరల్లో ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు. ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి? అబ్బాయిని పంపవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ధరను చివరికి వదిలేసి ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి: ఎవరు ఏ దారిలో వెళ్లాలో మీరు ఎలా నిర్ణయిస్తారు? వయసు, ఎత్తు, అనుభవం, గతంలో తగిలిన దెబ్బలు అడిగి, కొండపైన కాసేపు సాధన చేయించి, ఆ తరువాతే దారి ఖాయం చేస్తామని చెప్పిన సంస్థను నమ్మవచ్చు. ఎవరైనా ఏ దారిలోనైనా వెళ్లవచ్చని నవ్వుతూ చెప్పేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

తరువాత అడగవలసింది గైడుల సంఖ్య. జట్టు చిన్నదైనా ముందొకరు, వెనకొకరు ఉండాలి. వెనక గైడు లేని జట్టులో చివరివాడు పడిపోతే ముందువారికి ఆ సంగతి వచ్చే మజిలీలోనే తెలుస్తుంది. వారిద్దరికీ ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, ఫోను సిగ్నలు అందని లోయల్లో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు, వాహనం ఎక్కడెక్కడ దారిని కలుస్తుంది అన్నవి కూడా కనుక్కోండి. ధరల్లో తేడా చాలావరకు సైకిలు నుంచి వస్తుంది. ముందు, వెనక రెండు వైపులా షాక్ అబ్జార్బర్లు, హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు ఉన్న సైకిలుకు, ముందు మాత్రమే షాక్ ఉన్నదానికి అద్దెలో పెద్ద తేడా ఉంటుంది. మొదటి స్థాయి దారికి రెండోది సరిపోతుంది. నిటారు దారికి మాత్రం మొదటిదే ఉండాలి, దానితోపాటు గడ్డాన్ని కూడా కప్పే హెల్మెట్టు, మోకాలు, మోచేతి కవచాలు, వేళ్లన్నీ కప్పే చేతితొడుగులు కూడా ఇవ్వాలి. నేషనల్ పార్కు ప్రవేశ రుసుము, భోజనం, నీళ్లు ఆ ధరలో కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీయులకు పార్కు రుసుము స్థానికులకన్నా ఎక్కువ.

ఉదయం సైకిలు చేతికి ఇచ్చినప్పుడు రెండు నిమిషాలు చూసుకోమని మీ వారికి చెప్పండి. బ్రేకు మీట హ్యాండిలును తాకేదాకా పోకూడదు. టైరు గుబ్బలు అరిగి నున్నబడి ఉండకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనక్కు ఊపినప్పుడు హ్యాండిలు మెడ దగ్గర టకటక చప్పుడు రాకూడదు. సైకిలు ఎత్తుకు తగినదిగా లేకపోతే మొహమాటపడకుండా మార్చమనాలి. సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ప్రమాదానికి బాధ్యత మనదేనని రాసి ఉంటుంది. ఎక్కడైనా అది మామూలే కానీ, సైకిలు దెబ్బతింటే ఎంత కట్టాలన్న వాక్యాన్ని మాత్రం చదవకుండా సంతకం చేయవద్దు.

ఇక అబ్బాయి సంగతి. పదహారేళ్లవారిని తల్లిదండ్రుల సంతకంతో చాలామంది తీసుకుంటారు, ఆ వయసుకు శరీరం కూడా త్వరగా నేర్చుకుంటుంది. భయపడవలసింది అతని చేతకానితనానికి కాదు, ఉత్సాహానికి. అతణ్ణి గైడుకు వెంటనే వెనక, తండ్రికి ముందు ఉంచమని అడగండి. హెల్మెట్టుకు కెమెరా తగిలించుకుంటానంటే మొదటి పూట వద్దనండి. కెమెరా ఉంటే వేగం దానంతట అదే పెరుగుతుంది. తండ్రుల విషయంలోనూ ఈ సూత్రం బాగానే పనిచేస్తుందని మా నమ్మకం.

ప్రశ్న: పిల్లలకు ఏప్రిల్ రెండోవారం నుంచి సెలవులు. సోంగ్‌క్రాన్ నీళ్లపండుగ చూసినట్టూ ఉంటుంది, సైకిలు యాత్ర చేసినట్టూ ఉంటుంది అనుకుంటున్నాం. మీ సలహా ఏమిటి?
— కె. ఎస్., కర్నూలు

జవాబు: పండుగకు వెళ్లండి, సైకిలుకు వద్దు. సోంగ్‌క్రాన్ ఏప్రిల్ 13 నుంచి 15 దాకా జరుగుతుంది, చియాంగ్ మైలో దాని సందడి చూడదగ్గదే. అయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర థాయిలాండ్‌లో పొగ కాలం. కోత అయిన పొలాల్లో చెత్త తగలబెట్టడం, అడవిలో రాలిన ఆకు అంటుకోవడం, సరిహద్దు దాటి వచ్చే పొగ, ఇవన్నీ కొండల మధ్య గిన్నెలా ఉన్న లోయలో నిలిచిపోతాయి. గాలి కదలని రోజుల్లో సూక్ష్మ ధూళికణాల లెక్కలో ఆ నగరం ప్రపంచంలోనే అధ్వాన్న నగరాల జాబితాకెక్కుతుంది. నగరం నుంచి చూస్తే పక్కనున్న కొండే కనబడదు. కొండ మీద మంటలు ఉన్నప్పుడు పార్కు దారులను మూసివేయడమూ జరుగుతుంది. ఆ గాలిలో నోటితో శ్వాస తీస్తూ నాలుగైదు గంటలు గడపడం ఆరోగ్యవంతులకే మంచిది కాదు, ఉబ్బసం ఉన్న పిల్లలకైతే అసలే వద్దు.

దసరా సెలవుల గురించి కొందరు అడిగారు. మే నుంచి అక్టోబరు దాకా వానలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో మరీ ఎక్కువ. దసరా నాటికి వానలు తగ్గుముఖం పడుతున్నా నేల ఇంకా ఆరదు. బంకమట్టి టైరుకు పట్టి చక్రం ఫ్రేములో ఇరుక్కుంటుంది, మేజోళ్ల మీదుగా జలగలు పైకి పాకుతాయి. జలగను గోటితో పక్కకు నెట్టి వదిలించుకోవాలి. ఉప్పు, నిప్పు పెట్టనక్కరలేదు. అన్నిటికన్నా అనువైన కాలం నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా. జనవరిలో ఖున్ చాంగ్ ఖియాన్ అనే హ్మోంగ్ ఊరి చుట్టూ అడవి చెర్రీ చెట్లు ఆకు లేకుండా గులాబిరంగు పూలతో నిండిపోతాయి. కొన్ని దారులు అక్కడి నుంచే మొదలవుతాయి కాబట్టి ఆ నెల కుదిరితే వదులుకోవద్దు, వారాంతంలో మాత్రం పూలు చూడటానికి వచ్చే స్థానికుల వాహనాలతో రోడ్డు నిండి ఉంటుంది. ఆ రోజుల్లో ఉదయం కొండపైన స్వెట్టరు లేనిదే నిలబడలేం. మధ్యాహ్నం కిందికి వచ్చేసరికి అదే స్వెట్టరు బరువవుతుంది కనుక వీపుసంచిలో దానికి చోటు ఉంచుకోండి.

ప్రశ్న: వెళ్లేలోగా సాధన చేయాలనుకుంటున్నాను. హైదరాబాదు పరిసరాల్లో ఎక్కడ చేయవచ్చు? అసలు మన నల్లమలలోనే ఇలాంటి యాత్ర ఎందుకు ఉండదు?
— పి. ఎం., హైదరాబాదు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. నల్లమలలో ఎక్కువ భాగం అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాల కింద ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, చప్పుడు లేకుండా వేగంగా వచ్చే సైకిలు పెద్ద జంతువులున్న అడవికి తగదు. నడిచే మనిషి అలికిడికి ఎలుగుబంటి తప్పుకుంటుంది. సైకిలు రావడం దానికి తెలిసేసరికి మనిషి మూడు గజాల దూరంలో ఉంటాడు. దోయ్ సుథెప్–పుయ్ నేషనల్ పార్కు నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న అడవి, మధ్యలో ఊళ్లు, తోటలు, ఆలయాలు ఉన్నాయి, అక్కడ పులుల, ఏనుగుల భయం లేదు. అందుకే అక్కడ ఇలాంటి యాత్ర సాధ్యమవుతోంది.

సాధన విషయానికి వస్తే, 2023 అక్టోబరులో అవుటర్ రింగు రోడ్డు పక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు బాట దమ్ముకు మంచిదే కానీ, దిగుడుకు అక్కడ నేర్చుకునేది ఏమీ లేదు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల ఎర్రమట్టి దారులు కొంతవరకు ఆ నేలను పోలి ఉంటాయి. అటవీశాఖ అనుమతించిన దారుల్లోనే, ఒంటరిగా కాకుండా, అనుభవమున్న సైకిలు బృందంతో వెళ్లండి.

నిజానికి అసలైన సాధనకు మీ అపార్టుమెంటు పార్కింగు స్థలం చాలు. సుద్దముక్కతో గీత గీసి, ఒక్క వేలి బ్రేకుతో, చక్రం జారకుండా, సరిగ్గా గీత మీద ఆపడం నేర్చుకోండి. పెడళ్ల మీద సమంగా నిలబడి, సీటు తగలకుండా, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగండి. ఎనిమిది అంకె ఆకారంలో, నడక వేగంతో, కాలు కింద పెట్టకుండా తిప్పండి. నెమ్మదిగా నడపగలిగినవారే వేగంగానూ భద్రంగా నడపగలరు. వీటికి తోడు గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడే వ్యాయామం తొడలకు, టెన్నిస్ బంతిని పిసకడం ముంజేతులకు చేస్తుండండి. నెలరోజులు రోజూ పావుగంట చేసినా తేడా తెలుస్తుంది.

ప్రశ్న: విదేశీ ప్రయాణపు బీమా తీసుకున్నాం. సైకిలు మీది నుంచి పడి దెబ్బ తగిలితే అది వర్తిస్తుందా? అక్కడ వైద్యం ఎలా ఉంటుంది?
— డి. ఎల్., విశాఖపట్నం

జవాబు: మీ పాలసీ పత్రంలో సాహస క్రీడల మినహాయింపు అన్న భాగం తీసి చదవండి. చాలా పాలసీలు మామూలు సైకిలు సవారీని ఒప్పుకుని, కొండదారుల సైక్లింగును మినహాయిస్తాయి. కొన్నింటిలో అదనపు ప్రీమియం కడితే కలుపుతారు. ఫోనులో ఏజెంటు ‘ఏం ఫరవాలేదు సార్, వర్తిస్తుంది’ అన్న మాటకు విలువ లేదు. కొండదారుల్లో గైడుతో సైకిలు దిగడం అని స్పష్టంగా రాసి ఈమెయిలు పంపి, జవాబు దాచుకోండి.

ఈ యాత్రలో తగిలే దెబ్బలు ఎక్కువగా గీరుకుపోవడాలే. ఎముక విరిగితే మణికట్టు లేదా జత్రుక, అంటే భుజం దగ్గరి కాలర్ బోన్; పడబోయేటప్పుడు చెయ్యి చాచడం మానవ సహజం, బరువంతా ఆ చేతి మీద పడుతుంది. తలకు దెబ్బ తగిలి కాసేపు తికమకగా మాట్లాడినవారిని ఆ రోజు మళ్లీ సైకిలు ఎక్కనివ్వకూడదు, తాము బాగానే ఉన్నామని వారు ఎంత చెప్పినా సరే. చియాంగ్ మైలో మంచి ఆసుపత్రులు, వైద్య కళాశాల ఉన్నాయి, కొండ దిగితే దూరం కాదు. ప్రైవేటు ఆసుపత్రులు చికిత్సకు ముందే చెల్లింపు హామీ అడగవచ్చు కాబట్టి బీమా సంస్థ అత్యవసర నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. థాయిలాండ్‌లో అంబులెన్సుకు 1669, పర్యాటక పోలీసులకు 1155 నంబర్లు.

ఒక ప్రమాదాన్ని మాత్రం అందరూ మరచిపోతారు. ఊళ్ల గుండా పోయేటప్పుడు కుక్కలు సైకిలు వెంట పడతాయి. వేగం పెంచకుండా దిగి, సైకిలును కుక్కకూ మీకూ మధ్య అడ్డుపెట్టి నిలబడితే చాలాసార్లు అవి మొరిగి ఊరుకుంటాయి. పంటి గాటు ఏ కొంచెం పడినా సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. తిరిగి వచ్చాక చూద్దామనుకోవద్దు.

ప్రశ్న: మేము శాకాహారులం, కోడిగుడ్డు కూడా తినము. మధ్యాహ్న భోజనం సంగతేమిటి?
— ఆర్. కె. దంపతులు, తెనాలి

జవాబు: బుకింగు రోజే చెప్పండి. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ వేయడం మామూలు. ‘జే’ భోజనం కావాలంటే మాంసం, గుడ్డు, చేపల సాస్ ఏవీ లేకుండా వండుతారు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. పసుపు రంగు జెండా మీద ఎర్రని అక్షరం ఉన్న కొట్లు అవే. సంచిలో వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకూడదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్నలను విజయవాడ నుంచి రప్పించి చియాంగ్ మైలో కలుసుకోవాలని ఆలోచన. నాన్నగారికి అరవై అయిదు, అమ్మకు అరవై. వారిని కూడా ఈ యాత్రకు తీసుకెళ్లవచ్చా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అడవి దిగుడుకు వద్దు. రోజూ నడిచేవారైనా, ఆ వయసులో మణికట్టు ఎముక విరిగితే కోలుకోవడానికి పట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకుని చెబుతున్నాం. నాన్నగారికి సైకిలు అలవాటు ఉంటే నగరానికి దక్షిణాన పింగ్ నది పక్కన చదునైన దారుల్లో గైడుతో వెళ్లే యాత్రలున్నాయి. మంగ్రాయ్ రాజు 1296లో చియాంగ్ మైని కట్టించక ముందు రాజధానిగా ఉండి, నది వరదల వల్ల పాడుబడి, మట్టి కింద కప్పబడిపోయిన వియాంగ్ కుం కాం అనే పాత నగరపు ఇటుక కట్టడాలు ఆ వైపే ఉన్నాయి. వాటి మధ్య గుర్రబ్బండి కూడా దొరుకుతుంది కాబట్టి అమ్మగారు దానిలో చూడవచ్చు.

మీరు కొండ దిగే రోజున వారిని ఉదయం దోయ్ సుథెప్ ఆలయానికి పంపండి. పైకి మూడు వందలకు పైగా మెట్లున్నా, పక్కనే చిన్న కేబుల్ బండి ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, మెట్ల పైన చెప్పులు విడవాలి. తరువాత వారిని టాక్సీలో హువాయ్ తుంగ్ తావ్ జలాశయానికి రమ్మంటే, నీటి ఒడ్డున వరసగా ఉన్న వెదురు పాకల్లో కూర్చుని మీ కోసం ఎదురుచూడవచ్చు. అక్కడ కూర్చున్న చోటికే భోజనం తెస్తారు. మీ జట్టు ఒంటిగంటకు వస్తుందని గైడు చెబితే రెండింటికి వస్తుందని లెక్క వేసుకుని, పెద్దవాళ్లను మాత్రం ముందే తినేయమని చెప్పండి.